చెంచాడు బియ్యప్పిండి

పొద్దున ఎనిమిదింటికి పెళపెళలాడుతూ ఒంటి మీదికెక్కిన నూలు చొక్కా పదకొండు కొట్టేసరికి వాడిన తమలపాకులా వేలాడుతుంటే నింద ఇస్త్రీపెట్టె మీద పడుతుంది. వేడి చాల్లేదంటారు. మర్నాడు ఇంకాస్త వేడి పెట్టి రుద్దుతారు. కాలరు పసుపు తిరుగుతుందే తప్ప చొక్కా మాత్రం మళ్ళీ పదకొండింటికే వేలాడుతుంది. అసలు సంగతి నూలుపోగులో ఉంది. పోగును ఒక ఆకారంలో పట్టి ఉంచేవి దానిలోని సెల్యులోజ్ గొలుసుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు. తడీ వేడీ కలిసి తగిలితే అవి సడలుతాయి. పెట్టె కింద గుడ్డ చదునుగా ఉండగానే తడి ఆరిపోతే, ఆ చదునులోనే మళ్ళీ బిగుస్తాయి. ఇస్త్రీలో వేడికెంత వాటా ఉందో తడికీ అంత ఉంది. అయితే అదే తడి తర్వాత మనకు ఎదురు తిరుగుతుంది. మా కృష్ణా డెల్టాలోని చెరుకుపల్లికి నిజాంపట్నం రేవు ఎంతో దూరం కాదు. సముద్రం మీది నుంచి వచ్చే చెమ్మగాలి, బస్సులో వీపున పట్టే చెమట, రెండూ కలిసి పొద్దున బిగిసిన పట్టును మధ్యాహ్నానికల్లా విప్పేస్తాయి. తెనాలికో, రేపల్లెకో, బాపట్లకో రోజూ ఉద్యోగానికి వెళ్ళొచ్చే వాళ్ళ చొక్కాలన్నిటిదీ ఇదే కథ. గంజి చేసేదల్లా పోగుల చుట్టూ సన్నటి పొరగా ఆరి, చెమ్మ తగిలినా గుడ్డ వెంటనే ఒంగిపోకుండా కొన్ని గంటలు నిలబెట్టడం. అది వేడి చేయలేని పని.

గంజి నీళ్ళు ఇంట్లో కాచుకుని స్ప్రే సీసాలో పోసుకోవడాన్ని చాలామంది డబ్బు మిగుల్చుకునే చిట్కాగా చెబుతారు. నా దృష్టిలో అది మోతాదును మన చేతిలోకి తెచ్చుకునే పని. డబ్బు మిగులుతుంది, కాదనను. అర లీటరు నీళ్ళకు పట్టేది రెండు చెంచాల బియ్యప్పిండి, దాదాపు 6 గ్రాములు. కిలో పిండి 60 రూపాయలనుకున్నా అర్ధరూపాయి విలువ చేయదు. కానీ అర్ధరూపాయి దగ్గర ఎవరూ అలవాటు మార్చుకోరు, మార్చుకోనక్కర్లేదు కూడా. మార్చుకోవడానికి కారణం వేరే ఉంది. బట్టను గంజిలో ముంచి తీసే పాత పద్ధతిలో ఆ బట్టకంతటికీ ఒకటే మోతాదు. చొక్కాలో గట్టిగా నిలవాల్సింది కాలరు, కఫ్‌లు, గుండీల పట్టీ. చంకల దగ్గర, వీపు మీద గట్టిదనం అక్కర్లేదు సరికదా, అక్కడ గంజి ఉంటే గాలాడదు, గీరుకుంటుంది. చీరలో కుచ్చిళ్ళూ పైట మడతలూ నిలవాలి, లోపలి చుట్టుకు పెట్టిన గంజి దండగ. ముంచితే ఈ తేడాలేవీ పాటించలేం, కొడితే పాటించగలం. డెల్టాలో చేలకు మందు కొట్టిన వాళ్ళకు ఇది కొత్త పాఠమేమీ కాదు. మందు ఎంత మంచిదన్నది ఒక ఎత్తు, దాన్ని ఎంత పలచన చేసి, ఏ నాజిల్‌తో, ఎక్కడ కొట్టామన్నది ఇంకో ఎత్తు.

ఒకప్పుడు గంజి కోసం ప్రత్యేకంగా ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఎసట్లో నీళ్ళు ధారాళంగా పోసి, అన్నం ఉడికాక సిబ్బి పెట్టి వంచి వార్చేవారు. ఆ గంజిలో కొంత ఉప్పేసుకుని తాగేవారు, కొంత గేదెల కుడితి తొట్టిలోకి పోయేది, ఉతుకుల రోజున కొంత పంచెలకూ చీరలకూ దక్కేది. ప్రెషర్ కుక్కరు, దాని వెనకే కరెంటు కుక్కరు వచ్చాక ఎసరు కొలిచి పోయడం మొదలైంది, పోసిన నీళ్ళన్నీ గింజలోకే ఇంకుతున్నాయి. ఒంటికి అది మంచిదే. వార్చిన నీళ్ళతో పాటు పోయే బి విటమిన్లు ఇప్పుడు అన్నంలోనే ఉంటున్నాయి. బట్టలకు మాత్రం నష్టం జరిగింది, వంటింట్లో ఊరికే దొరికే సరుకు కొట్లో కొనే సరుకైంది. బాపట్ల పేరు మీదే వచ్చిన బి.పి.టి. 5204, అంటే 1986లో విడుదలైన సాంబ మసూరి, పండే నేల మీద గంజిపొడి ప్యాకెట్ కొనడం ఏమిటని పెద్దవాళ్ళు దెప్పుతుంటారు. ఆ దెప్పుడులో న్యాయం సగమే ఉంది. వంటతో పాటు వచ్చే సరుకు ఆగిపోతే దాని మీద ఆధారపడ్డ అలవాటు కూడా ఆగుతుంది. గంజి కోసం కుక్కరు అటక మీద పెట్టి సిబ్బి పట్టుకోమంటే ఎవరూ పట్టుకోరు. గంజిని వంట నుంచి విడదీసి, దానికదే పావుగంట పనిగా చేసుకుంటే సరిపోతుంది. పైగా అందులో ఇంకో లాభం ఉంది. వార్చిన గంజి ఒకరోజు చిక్కగా, ఒకరోజు నీళ్ళలా ఉంటుంది. కొలిచి కాచింది ఎప్పుడు కాచినా ఒకేలా వస్తుంది.

కాచడానికి ముందు అర లీటరు నీళ్ళను రెండు భాగాలు చేసుకోవాలి. ముప్పావు వంతు పొయ్యి మీదికి, పావు వంతు పిండి కలపడానికి. పిండి కలిపే నీళ్ళు చల్లగా ఉండి తీరాలి. మరిగే నీళ్ళలో పిండి తిన్నగా గుమ్మరిస్తే, పైన ఉన్న పిండి ఒక్కసారిగా ఉడికి బంకలా మారి, లోపలి పొడిపిండికి నీళ్ళు అందనివ్వదు. ఉండ కట్టడమంటే అదే. టీ చెంచాతో, పైన గోపురం లేకుండా సమంగా కొలిచి, పల్చటి చొక్కాలకు ఒకటి, మామూలు నూలు చొక్కాలకు రెండు, ఖద్దరు పంచెకో గట్టి నేత చీర కుచ్చిళ్ళకో మూడు చెంచాల పిండి వేసుకోవచ్చు. నీళ్ళు తెర్లాక పిండినీళ్ళను సన్నధారగా పోస్తూ కలుపుతుంటే మొదట గిన్నెలో పాలు పోసినట్టే ఉంటుంది. బియ్యంలోని పిండిపదార్థం 70 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నీళ్ళు పీల్చి ఉబ్బడం మొదలుపెడుతుంది. గరిటె కాస్త బరువెక్కినట్టు చేతికి తెలుస్తుంది. ఆ పైన తెల్లదనం తగ్గి, గిన్నె అడుగున ఉన్న పాత గీతలు మసగ్గా కనబడేంత తేటపడుతుంది. ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉడకనిచ్చి దించి, పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారేటప్పుడు పైన మీగడలాంటి పొర కడుతుంది. స్ప్రే సీసా మూతలోని సన్నరంధ్రాన్ని మూసేసేది ఆ పొర ముక్కలే కాబట్టి దాన్ని తీసేసి, పాత నూలు పంచె ముక్కలో వడకట్టాలి. టీ వడకట్టే జల్లెడ దీనికి చాలదు. ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి వేళ్ళు విడదీస్తే తీగ సాగకూడదు, సాగితే అరగ్లాసు నీళ్ళు కలపాలి. చుక్క పుటుక్కున తెగి, వేళ్ళు ఆరాక చర్మం కాస్త బిగుసుకున్నట్టనిపిస్తే పాకం కుదిరినట్టు.

ఇంత తతంగం దేనికి, చల్లటి నీళ్ళలో కార్న్‌ఫ్లోర్ కలిపి సీసా ఊపి కొడితే చాలదా అని అడగవచ్చు. చాలామంది అలాగే చేస్తారు, కొంతవరకు పని జరుగుతుంది కూడా. తడిగుడ్డ మీద పడ్డ పచ్చిపిండి ఇస్త్రీపెట్టె వేడికి అక్కడికక్కడే ఉడుకుతుంది. కానీ ఉడకడానికి వేడితో పాటు నీళ్ళూ కావాలి, పెట్టె కింద నీళ్ళు ఆవిరైపోవడానికి కొన్ని క్షణాలు చాలు. ఉడికేలోపే తడి ఆరిపోతే పిండి పిండిగానే మిగులుతుంది. నల్ల ప్యాంటు మీద సుద్దపొడిలా తేలేది, దులిపితే రాలేది అదే. సీసాలోనూ అది నిలకడగా ఉండదు. ఒక్క నిమిషం పక్కన పెడితే పిండి అడుగుకు చేరుతుంది, మొదటి చొక్కాకు నీళ్ళు, చివరి చొక్కాకు ముద్ద. మోతాదు కోసం మొదలుపెట్టిన పని మోతాదు దగ్గరే చెడుతుంది. కాచడం వేరే విద్య అన్న సంగతి పాత కాలం వాళ్ళకు బాగా తెలుసు. 1564లో లండన్ చేరిన డింగెన్ వాన్ డెర్ ప్లాస్ అనే ఫ్లెమిష్ ఆవిడ, అక్కడి పెద్దింటి వాళ్ళ మెడపట్టీలకు గంజి పెట్టడం నేర్పినందుకు నాలుగైదు పౌన్లు, గంజి కాచడం నేర్పినందుకు విడిగా ఇంకో పౌను పుచ్చుకునేదని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. కాచడానికి వేరే రుసుము పెట్టిందంటే ఆవిడకు పని తెలుసన్నమాట.

పిండి ఏదన్న దాని మీద వాదాలు చాలా ఉన్నాయి. పిండిపదార్థంలో రెండు రకాల గొలుసులుంటాయి. కొమ్మల్లేకుండా సాగే అమైలోజ్, గుబురుగా కొమ్మలేసే అమైలోపెక్టిన్. ఆరినప్పుడు గట్టి పొర కట్టేది మొదటిది, జిగురుగా అంటుకునేది రెండోది. మన సన్నబియ్యంలో అమైలోజ్ ఇంచుమించు నాలుగో వంతు ఉంటుంది, ఈ పనికి అది చాలు. పైగా బియ్యంలోని పిండిపదార్థం రేణువులు మరీ చిన్నవి, కొన్ని మైక్రాన్లే, కాబట్టి నేత సందుల్లోకి సులువుగా దూరతాయి. వరి కోశాక దున్నకుండానే వేసే మొక్కజొన్న ఈ డెల్టాలో ఇప్పుడు మామూలు పంటే. దాని పిండి కూడా బియ్యానికి తీసిపోదు, చుట్టూ చూస్తే దొరకనిదీ కాదు. ముదురు రంగు బట్టలకు మాత్రం సగ్గుబియ్యం మేలు. కర్రపెండలం పిండి ఉడికితే దాదాపు అద్దంలా తేటపడుతుంది, నలుపు మీదా నీలం మీదా తెల్లటి తెర వేయదు. గట్టిదనం ఒక పిసరు తక్కువైనా రంగు దక్కుతుంది. మైదా జోలికి మాత్రం వెళ్ళవద్దు, అందులోని గ్లూటెన్ తీగలు సాగి సీసాను మూసేస్తుంది, సినిమా పోస్టర్లు అంటించుకోవడానికి బాగుంటుంది. సువాసన కోసం అత్తరు చుక్క వేస్తే నూనె మరకవుతుంది. నిమ్మరసం ఇంకా చేటు, పులుపు గుడ్డ మీద ఆరి వేడి తగిలితే నూలుపోగు బలం తగ్గుతుంది.

కొట్లో దొరికే స్ప్రే డబ్బాను చెడ్డదనడం న్యాయం కాదు. అందులోది సరిగ్గా ఉడికిన పిండిపదార్థమే. పెట్టె జారడానికి సిలికోన్, పాడవకుండా ఉండటానికి మందూ కలుపుతారు. నెలకొక చొక్కా ఇస్త్రీ చేసుకునేవాళ్ళకీ, ప్రయాణాల్లో ఉండేవాళ్ళకీ అదే సుఖం, వాళ్ళు గంజి కాచుకుంటూ కూర్చోవడం చాదస్తం. రివైవ్ లాంటి పొడులు నీళ్ళలో కలిపి బట్ట ముంచేందుకు చేసినవి, వాటి పని వాటిది. చిక్కల్లా వారానికి ఆరేడు జతలు ఇస్త్రీ చేసే ఇళ్ళతో. డబ్బాలో చిక్కదనం ఒకటే. పల్చటి వాయిల్‌కు అది ఎక్కువవుతుంది, ఖద్దరుకు చాలదు. చాలనప్పుడు మనం చేసేది ఇంకో రెండుసార్లు కొట్టడం, అప్పుడు గంజితో పాటు తడి కూడా పెరిగి, పెట్టె కింద బుడగలు లేచి పొలుసులు కడుతుంది. ఇంటి గంజికి ఆ ఇబ్బంది లేదు, పిండి చెంచాతోనే అది తేలిపోతుంది. ఇస్త్రీ బండికి బట్టలిచ్చేవాళ్ళు ఆ మూటతో పాటు సీసా కూడా ఇచ్చి, కాలర్లకు మాత్రమే కొట్టమని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

కొట్టేటప్పుడు సీసాకూ గుడ్డకూ మధ్య జానెడు దూరం ఉండాలి. దగ్గరగా పెడితే చుక్కలు పడతాయి, ఆ చుక్కలే ఇస్త్రీ అయ్యాక మెరిసే మచ్చలవుతాయి. కొట్టగానే పెట్టె ఆనించడం అందరూ చేసే తప్పు. గంజి పోగు మీద ఉండిపోకుండా పోగులోకి దిగడానికి నిమిషమైనా పడుతుంది. ఒక చొక్కా కాలరుకు కొట్టి, చుట్టి పక్కన పెట్టి, ముందు చుట్టినదాన్ని తీసుకుని రుద్దుతూ పోతే ఆ నిమిషం దండగ కాదు. కాలరును కొసల నుంచి మధ్యకు, ముందు లోపలి వైపు, తర్వాత పైవైపు రుద్దాలి. మధ్య నుంచి కొసలకు తోస్తే మిగులు గుడ్డ ముడతగా కొసనే చేరుతుంది. ముదురు రంగులను తిరగేసి చేయాలి. బట్ట మీది పట్టీలో మూడు చుక్కల గుర్తుంటే 200 డిగ్రీల దాకా పట్టవచ్చని అర్థం, కానీ గంజి ఉన్నచోట దానికి ఒక మెట్టు తగ్గించి కాస్త నెమ్మదిగా పోవడమే మంచిది. అంత వేడికి పిండిపదార్థం గోధుమరంగు తిరుగుతుంది. పెట్టె అడుగున అంటుకున్న నల్లటి మచ్చ, తెల్లచొక్కా మీద అచ్చు పడే మచ్చ అదే. టెరిలిన్ బట్టలకు ఎంత కొట్టినా ఫలితం అంతంతమాత్రమే, ఆ పోగు నీళ్ళనే పీల్చదు, గంజినేం పీలుస్తుంది? పట్టుకు అసలు వద్దు.

గంజి పెట్టిన బట్టను పురుగు కొడుతుందన్న అభ్యంతరం కొట్టిపారేయలేనిది. పాత పుస్తకాల్లో వెండిరంగులో చేపపిల్లలా జారిపోయే చిన్న పురుగుకు పిండిపదార్థమే తిండి. వానాకాలం చెమ్మకు బీరువాలో బూజు పట్టేది కూడా ముందు గంజి ఉన్న చోటే. మడతల మీద గంజి గట్టిగా ఆరి నెలల తరబడి అలాగే ఉంటే, ఆ గీత వెంబడి గుడ్డ చీరుకుపోతుంది. కానీ ఈ నేరాలన్నీ నిల్వ చేసిన గంజిబట్టవే. గంజి రేపు కట్టుకోబోయే బట్టకే గాని పండక్కి దాచే బట్టకు కాదు. దాచే చీరను గంజి పోయేదాకా ఉతికి, ఆరబెట్టి, వట్టిగా మడిచిపెట్టి, కట్టుకునే రోజు పొద్దున కుచ్చిళ్ళకు రెండుసార్లు కొడితే సరి. ముంచే పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు, గంజి పెట్టిన చీర ఆరి, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ అయ్యేసరికి పూట గడుస్తుంది. అందుకే ముంచేవాళ్ళు ముందే పెట్టి దాచేవారు, పురుగు అందుకే వచ్చేది.

తినే గింజను గుడ్డలకు పూయడమేమిటన్న ప్రశ్న వినడానికి బరువుగా ఉంటుంది. కరువు రోజుల్లో అది న్యాయమైన ప్రశ్నే. 1800 ప్రాంతంలో గోధుమలు చాలనప్పుడు ఇంగ్లండులో వాటితో బట్టల గంజి చేయడాన్ని చట్టంతో ఆపించారు. అయితే ఇక్కడ లెక్క వారానికి 6 గ్రాములు. ఆ ఆరు గ్రాములు కూడా మిల్లులో మిగిలే నూకల పిండి అయితే ఇంకా బాగు. నూకకూ నిండు గింజకూ గంజిలో తేడా ఉండదు.

అసలీ గట్టిదనం మీద మోజే తెచ్చిపెట్టుకున్నదని, పెళపెళలాడే తెల్లబట్ట పెద్దరికానికి గుర్తుగా చూపించుకోవడమేనని అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో కొంత నిజముంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఈ చెరుకుపల్లి మండలంలోనే కావూరు వినయాశ్రమం గాంధేయ సంస్థగా పేరు తెచ్చుకుంది. ఆ రాట్నాల నుంచి వచ్చిన ఖద్దరు ముతకగా, నలిగి ఉండే బట్ట. పేదవాడి బట్టగా మొదలై, గంజీ ఇస్త్రీ పడ్డాక నాయకుల బట్ట అయింది. కానీ దాన్ని బట్టి గంజిని తప్పుపట్టలేం. మగ్గం మీద పడుగుపోగుకు గంజి పట్టించకపోతే నేసేటప్పుడు రాపిడికి తెగిపోతుంది. చీరాలలోనైనా మంగళగిరిలోనైనా నేత పని గంజితోనే మొదలవుతుంది. పోగుకు బలమివ్వడమే దాని మొదటి పని. దర్జా తర్వాత మనం తగిలించింది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొట్లో కొత్త చీర చేతికి గట్టిగా తగిలితే నేత గట్టిదని మురిసిపోకూడదు, అది పడుగు గంజి కావచ్చు. చెంగు మూలను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నలిపి చూడండి, పొడి రాలి ఆ మూల మెత్తబడితే గంజి తీసేశాక చీరలో మిగిలే గట్టిదనం అంతేనని తెలుస్తుంది.

చివరి చిక్కు, ఇంటి గంజి నిలవదు. మే నెల ఎండలో పొద్దున కాచింది మర్నాటికి పులుస్తుంది, ఆ వాసన చొక్కాకు పడితే ఎంత ఇస్త్రీ చేసినా చెమట పట్టగానే మళ్ళీ లేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఆగుతుంది గాని, చల్లదనానికి అమైలోజ్ గొలుసులు మళ్ళీ దగ్గరకు చేరడంతో గంజి గడ్డలు కడుతుంది, వెచ్చచేసి వడకట్టందే సీసాలోకి పనికిరాదు. దీన్ని లోపమనేవాళ్ళతో నాకు పేచీ లేదు. అయితే నిల్వ ఉండనిది కొలతకు మించి కాచబుద్ధి కాదు. అర లీటరు ఎక్కువనిపిస్తే పావు లీటరు కాచుకోండి, పిండి సగం చేయండి. ఇస్త్రీ అయ్యాక సీసాలో మిగిలిందాన్ని కుడితిలోనో మొక్క మొదట్లోనో పోసి, సీసాలో సగం దాకా వేడినీళ్ళు పట్టి, మీట నొక్కుతూ మూతలోంచి నాలుగైదుసార్లు సింకులోకి కొట్టండి. మొదటి రెండుసార్లు మబ్బుగా వస్తాయి, మూడోసారికి తేటగా వస్తుంది. మూత విప్పి, సీసాను తలకిందులుగా ఎండలో ఆరబెట్టండి.